ద్వారబంధం మీద గంటు

ఏంటీ, గంటు పూడ్చేస్తానన్నాడా ఆ పెయింటరు? పుట్టీ పెట్టి నున్నగా చేసేస్తాడటా! ముందు చెయ్యి తీయమను. టీ తాగి రమ్మను పో, తొందరేం లేదు. ఇల్లంతా మీ ఇష్టం వచ్చిన రంగులు వేసుకోమన్నాను కదుటే, నీ గదికి ఆ బూడిద రంగేదో అంటే కూడా నోరు మెదిపానా? నాకు ఏ రంగైనా ఒకటేలే ఇప్పుడు. ఆ గంటు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు. దెబ్బ తగిలి పడింది కాదే అది. పెట్టింది. ఉలీ సుత్తీ పట్టుకుని మీ నాయనమ్మ తన చేత్తో పెట్టింది. ఏం, నవ్వొస్తోందా? నవ్వు నవ్వు. నువ్వు పుట్టేసరికే పోయింది కదా మహాతల్లి, నీకేం తెలుసు. ఇలా వచ్చి కూర్చో, ఆ డబ్బాలు తన్నేసేవు, చూసుకుని రా.

మీ నాయనమ్మకి ముక్కుండేదమ్మా. అంటే అందరికీ ఉంటుందనుకో, ఆవిడది వేరు. మీ తాతయ్య, అదే మా బావగారు, "మా ఇంటి జాగిలం" అనేవారు. ఆయన వీధి చివర సిగరెట్టు కాల్చి, నోట్లో నాలుగు యాలకులు వేసుకుని, ఏమీ ఎరగనట్టు ఇంట్లో అడుగు పెట్టేవారా, ఆవిడ వంటింట్లోంచే, తల కూడా తిప్పకుండా, "ఇవాళ ఎవరి దగ్గర అడుక్కున్నారు? మీరు కొనే రకం కాదే అది" అనేది. ఇంక చూస్కో, ఆయన మొహం! ముక్కుసూటి మనిషి అంటారు చూడూ, మా అక్కకి ఆ మాట రెండు రకాలుగానూ సరిపోయేది. ముక్కు మీద కోపం కూడానూ. అక్కంటున్నానని సొంత అక్క అనుకునేవు, తోటికోడలు. నేను చిన్నదాన్ని, ఆవిడ పెద్దది. మొదట్లో ఇద్దరికీ ఉప్పూ నిప్పూలే. నా గిన్నెలు వాసన చూసి మళ్ళీ తోమించేది. తిట్టుకోని రోజు లేదు నేను.

ఏం చెప్తున్నాను? ఆఁ, గంటు. అప్పట్లో ఈ ముందు గదులు పరుపుల కొట్టు. మా మామగారు పెట్టింది. వెనక గదిలో దూది, కింద నించి పైకప్పు దాకా బస్తాలు. మా అత్తగారికి చూపు పోయింది, ఒక్కసారి కాదు, మెల్లిమెల్లిగా. అప్పుడు మామగారు ఈ నడవ ద్వారానికి, సరిగ్గా ఆవిడ చెయ్యి ఆనే ఎత్తులో, ఒక గంటు పెట్టారు. గోడ తడుముకుంటూ వచ్చి ఆ గంటు దొరికిందంటే ఎడమ పక్క వీధి గుమ్మం, కుడి పక్క వంటిల్లు. అంతే. ఆవిడకి ఇంటికి తాళంచెవి అది. ఆవిడ చేతికర్రకి కూడా పట్టుకునే చోట మామగారే చిన్న మెత్త కుట్టి పెట్టారు, పరుపు గుడ్డతో, లోపల దూది కూరి. పరుపులు కుట్టేవాడి పెళ్ళానికి చెయ్యి నొప్పి పెట్టకూడదని. ఆయన పోయాక ఆ కర్ర ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

మంట ఎలా వచ్చిందంటే, కరెంటు తీగలే. పట్టపగలు. మగవాళ్ళు సరుకు వెయ్యడానికి వెళ్ళారు, అక్క బజారుకెళ్ళింది. నేను జ్వరంతో వెనక గది పక్కన పడుకుని ఉన్నాను. లేచి చూస్తే ఏముంది, నల్లటి పొగ. దూది పొగ ఎలా ఉంటుందనుకున్నావు? కళ్ళు తెరిచినా ఒకటే మూసినా ఒకటే. నా ఇల్లే నాకు తెలీలేదే! గోడ ఎటో ద్వారం ఎటో తెలీక అక్కడే కూలబడ్డాను. అప్పుడు కర్ర చప్పుడు. టక్ టక్ మని. "చిన్నదానా, ఎక్కడున్నావే? దగ్గు, గట్టిగా దగ్గు" అంది అత్తగారు. దగ్గాను. వచ్చి జబ్బ పట్టుకుంది. "నాకేం తేడా లేదే ఇందులో, నడు" అంది. గోడ వెంట లాక్కుపోయింది, గంటు దొరికింది, ఎడమకి తిప్పింది, వీధిలో పడేసింది నన్ను. చూపున్న దాన్ని నేను, చూపు లేని ఆవిడ లాక్కొచ్చింది. ఇది మన ఇంట్లో ఎవరూ మర్చిపోకూడని సంగతి. మీ నాన్న నీకు చెప్పాడో లేదో.

సరే, ఆర్పేశారు. దూది గది పోయింది, నడవ పోయింది, ద్వారబంధం సగం బొగ్గయింది. మిగతా ఇల్లు నిలబడింది గానీ మసి, మసంటే మసి కాదు. మూసిన పెట్టెలో మడత పెట్టిన బట్టల్లో మసి. గడియారం అద్దం లోపల మసి. బావగారు ఏం చేశారు, సున్నం వేసేవాణ్ణి పిలిచి రెండు పూతలు వేయించేశారు. తెల్లగా తళతళా మెరిసిపోయింది. అక్క మొత్తుకుంటూనే ఉంది, "మసి పూసి మారేడుకాయ చెయ్యడం విన్నాను గానీ, మసి మీద సున్నం పూసి ఇల్లు చెయ్యడం ఇప్పుడే చూస్తున్నాను" అని. ఎవరు వింటారు? ఆడపడుచు ఇంట్లో ఉంచిన అత్తగార్ని తీసుకొచ్చారు. కర్ర పట్టుకుని దిగింది, గుమ్మం దాకా వచ్చింది, ఆగిపోయింది. "ఒరేయ్, ఇల్లింకా కాలుతోందిరా" అంది. "లేదమ్మా, ఎప్పుడో ఆరిపోయింది" అన్నారు బావగారు. "నీకు ఆరింది. నాకు ఆరలేదు. నన్ను తీసుకుపో" అని వెనక్కి తిరిగేసింది. నన్ను మంటలోంచి లాక్కొచ్చిన మనిషే, చంటిపిల్లలా ఏడ్చింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు, అలా తయారయ్యాడు ఒకాయన, ఇల్లు కొంటానని. బావగారు మెత్తబడ్డారు. "అమ్మ అడుగు పెట్టని ఇంట్లో మనం మాత్రం ఎలా ఉంటాం, అమ్మేద్దాం" అన్నారు. మా ఆయన సంగతి నీకు తెలుసు కదా, అన్నగారు పగలు రాత్రంటే రాత్రే. అప్పుడు అక్క లేచింది. "ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. నాకూ వస్తోంది వాసన. వానలు పట్టేదాకా ఆగండి. అప్పటికీ ఆవిడ లోపలికి రాకపోతే నేనే దగ్గరుండి అమ్మిస్తాను." అంది. అని కొంగు నడుముకి బిగించింది. నా వైపు తిరిగి, "నువ్వేం చూస్తున్నావే? ఆవిడ నిన్ను లాక్కొచ్చింది, గుడ్డ పట్టుకో" అంది.

వేసిన సున్నమంతా గీకించిందమ్మా మాతో! నేను తెలివిగా తడిగుడ్డ పెట్టి తుడిచాను, ఒక్కసారే. కాటుక పులిమినట్టయింది గోడంతా. నా వీపు మీద ఒక్కటి పడింది. "పొడిగా దులపాలే ముందు! తడి తగిలిందంటే మసి గోడలోకి పోయి కాపరం పెడుతుంది" అంది. పొడి కుంచెతో దులపడం, పొడి గుడ్డతో అద్దడం, ఆ తర్వాతే వేణ్ణీళ్ళూ సబ్బూ, అది కూడా కింద నించి పైకి కడగాలి, పై నించి మొదలెడితే చారలు కట్టేస్తుంది. తలుపుల మీది అంచులు, సొరుగుల అడుగుభాగాలు, స్విచ్చుల పెట్టెల లోపల, ఎవరూ చూడని చోట్లన్నీ. ఆవిడ ముక్కు గోడకి ఆనించుకుంటూ వెళ్ళేది, "ఇక్కడుంది దొంగ" అని సుద్దతో గీత పెట్టేది, నేను కడిగేదాన్ని. ఆరాక మళ్ళీ వాసన. మళ్ళీ గీత. నా చేతులు చూస్కో, అప్పటి పగుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఏడుపొచ్చేది. కానీ చెప్తున్నాను విను, పక్క మీద వాలితే ఒక రకంగా గర్వంగా ఉండేదే. ఇవాళ ఇంత ఇల్లు మంట దగ్గర్నించి వెనక్కి లాక్కున్నాం అని. ఉప్పూ నిప్పూ అన్నానే, ఆ గోడల దగ్గరే మేం అక్కాచెల్లెళ్ళమయ్యాం.

వడ్రంగి కొత్త ద్వారబంధం తెచ్చాడు. అద్దంలా ఉంది, చెయ్యి వేస్తే జారిపోతోంది. అక్క చూసింది, "బాగుంది. ఇక్కడో గంటు పెట్టు" అంది. వాడు బిత్తరపోయాడు. "అమ్మా, నేను ముప్పై ఊళ్ళలో ద్వారాలు నిలబెట్టాను, నా పని మీద గంటు పెట్టమన్నవాళ్ళు లేరు. నా పేరేం కావాలి? నేను పెట్టను" అని సంచీ సర్దేశాడు. ఆవిడ వాడి సంచిలోంచి ఉలీ సుత్తీ లాక్కుంది. వంకరగా పడింది, చూశావుగా. వాడు చెవులు మూసుకుని నిలబడ్డాడు, కన్నకొడుకుని కొడుతున్నట్టు. ఎత్తు ఎలా తెలిసిందంటావా? నన్ను కళ్ళు మూసుకోమంది. "ఆ రోజు ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగింది? నీ భుజానికి పైనా, కిందా?" అని. నేను మూసుకున్నాను, చెయ్యి పెట్టాను. అక్కడే కొట్టింది.

మళ్ళీ అత్తగార్ని తెచ్చారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది, కొంటానన్నాయన కూడా వచ్చి వీధిలో నిలబడ్డాడు, సిగ్గులేకుండా. ఆవిడ కర్ర పట్టుకుని దిగింది, గుమ్మం దాకా వచ్చింది, ముక్కు ఎగబీల్చింది... "కాలుతోంది" అంది. అంతే. నాకు ప్రాణం పోయినంత పనైంది. బావగారు తల దించుకున్నారు. అక్క మాత్రం కదల్లేదు. "ఉండండి. ఇంట్లో లేదు. నాకు తెలుసు, ఇంట్లో లేదు" అని వాసన పట్టడం మొదలెట్టింది, వీధిలోనే, అందరి ముందూ. గుమ్మం, మెట్లు, వచ్చినవాళ్ళ బట్టలు... వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. పెద్ద కోడలికి మతి పోయిందన్నారు. చివరికి అత్తగారి దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యెత్తి వాసన చూసింది. తర్వాత కర్ర. నిలబడిపోయింది. "అత్తయ్యా, మంట ఇంట్లో లేదు. మీ చేతిలో ఉంది" అంది.

ఆ మెత్త! లోపల దూది కదే, ఆ రోజు పొగంతా తాగేసింది. ఆడపడుచు ఇంట్లో పిల్లలు చెయ్యి పట్టుకుని తిప్పేవాళ్ళు, కర్ర తలుపు మూల ఉండేది. ఇక్కడ దిగేటప్పుడే చేతికి తీసుకునేది. అందుకని ఈ గుమ్మం దగ్గరే కాలేది ఆవిడకి. నిప్పు లేనిదే పొగ రాదంటారు, వస్తుందే, నేను చూశాను. ఇప్పుడు అది విప్పాలి. మామగారి చేతి కుట్టు. ఎవరడుగుతారు? అక్క కూడా అడగలేదు. అత్తగారు ఆ మెత్త నిమిరింది. తర్వాత తనే గోటితో కుట్లు తెంపింది, ఒక్కొక్కటీ. దూది తీసి అక్క చేతిలో పెట్టి, "గుడ్డ పారెయ్యకు. ఉతికి కొత్త దూది పెట్టు" అంది. కర్ర కూడా ఇచ్చేసింది. ఉత్త చేతులతో లోపలికి నడిచిందమ్మా. గోడ తడుముకుంటూ వెళ్ళింది, వేళ్ళు గంటు మీద ఆగాయి. లోపలికి దూర్చి చూసుకుంది. "వంకరగా ఉంది. ఎవరు పెట్టారే?" అంది. "నేనే అత్తయ్యా" అంది అక్క. "ఆరింది" అంది అత్తగారు. వంటింటి వైపు తిరిగి వెళ్ళిపోయింది. బయట వాన మొదలైంది, కొంటానన్నాయన తడుస్తూ పోయాడు. అక్క గోడకానుకుని కూర్చుని భోరున ఏడ్చింది. అలాంటి మనిషి మీ నాయనమ్మ. ఈ ఇల్లు మీ తాతలు కట్టారని చెప్తారు నీకు. నిలబెట్టింది ఆవిడ. ఎవరడిగినా అలాగే చెప్పు.

ఇంకేముంది... ఆ గంటు అత్తగారి కోసమే పెట్టిందనుకున్నాను ఇన్నేళ్ళూ. నా చెయ్యి ఆనిన చోట కొట్టింది కదా, నా ఎత్తుకి సరిగ్గా ఉంటుంది. ఈమధ్య సాయంత్రమైతే నాకంతా పొగలానే ఉంటోందే తల్లీ. నువ్వు నవ్వావని కూడా గొంతును బట్టే... మీ నాన్నకి చెప్పకు, హడావుడి చేస్తాడు. ఆఁ, వచ్చాడా పెయింటరు? టీ బాగుందటా? నేనే చెప్తాను వాడికి. వద్దొద్దు, చెయ్యి పట్టుకోనక్కర్లేదు, వస్తాను. నువ్వు కాస్త పక్కకి జరుగు, ద్వారానికి అడ్డంగా నిలబడ్డావు.