ఢోలక్ ఉన్న పెట్టె

మేళ్లచెరువు చర్చిలో ఇరవై ఏళ్లుగా ఢోలక్ వాయిస్తున్న ముసలాయన, చర్చికి కీబోర్డు కొనడానికి కోదాడ దుకాణానికి వచ్చాడు.

“ఈ చిన్నదాంట్ల ఏమేముంటయ్?”

“నలభై రిథమ్‌లండి. ఢోలక్ మాత్రం ఉండదు.”

“ఆ పెద్దదాంట్ల?”

“వంద. మీట నొక్కితే ఢోలక్ దానంతటదే మోగుద్ది.”

“మా చర్చిల పాట పాడే ఏసమ్మ చరణం మధ్యల దగ్గుతది. అప్పుడు ఈ పెట్టె ఆగుతదా?”

“ఆగదండి. ఆవిడే అందుకోవాలి.”

“నేనైతే ఆగుత. ఢోలక్ లేనిదే ఇయ్యి.”

“పాస్టరుగారు పొద్దున్నే ఫోన్ చేశారండి. ఢోలక్ ఉన్నదే కట్టమన్నారు.”

“మరి నన్నెందుకు తోలిండు?”

“దీంట్లో ఢోలక్ సరిగ్గా పలుకుతుందో లేదో మీరే చెప్పాలంట.”

దుకాణదారు మీట నొక్కాడు. ఎక్కడైనా తప్పు దొరకాలని ముసలాయన చాలాసేపు విన్నాడు.

“కట్టు,” అన్నాడు.