గుండీల మహిమ

"నన్ను పిసినారి అంటారా! నన్ను!" అంటూ టైలరు నా టీ కొట్టు ముందు బెంచీ మీద కూలబడ్డాడు. "అన్నా, ముందు నాకో టీ పొయ్యి. పోసి నువ్వే తీర్పు చెప్పు. ఆ ముగ్గురూ నీ కళ్ళెదుటే కూర్చున్నారు. నేనేం తక్కువ చేశానో అడుగు."

ఆ ముగ్గురూ టైలరుకి పరాయివాళ్ళేం కాదు. బస్సు నడిపే బావమరిది, పక్క సందులో మందుల షాపాయన, పోస్టాఫీసులో పనిచేసే మరదలు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం టైలరు షాపులో గుడ్డ కత్తిరించే బల్ల చుట్టూ చేరి ఏదో ఆట ఆడతారు. ఇవాళ బల్ల దగ్గరికి పోకుండా నా కొట్టు దగ్గరే ఆగిపోయారు. ఆట నడిపే కుర్చీ ఇంక మరదలికి ఇచ్చెయ్యాలని వాళ్ళ పట్టు. ప్రాణం పోయినా ఇవ్వనని ఈయన పట్టు.

"అసలు అదేం ఆట టైలర్ గారూ?" అన్నాను.

"ఆటంటే కథ అన్నా. నేను చెబుతుంటాను, వీళ్ళు అందులో ఉంటారు. ఎదురుగా గుహ ఉందంటాను. లోపలికి పోతారా, పారిపోతారా, వీళ్ళిష్టం. గెలిచారా, చచ్చారా, అది పాచికల ఇష్టం. మా బావమరిది కత్తివీరుడు. మందులాయన మాంత్రికుడు. మా మరదలు దొంగ. అట్లా చూడకు, ఆటలోనే! రాక్షసుణ్ణి కొట్టారనుకో, తాళాలు తీశారనుకో, మెచ్చుకుని మంత్రవస్తువు ఇవ్వాలి. ఇచ్చేవాణ్ణి నేను. ఉత్త మాటతో ఇస్తే ఏం మర్యాద? ఇదిగో, ఈ డబ్బాలోంచి ఒక గుండీ ఏరి చేతిలో పెడతాను. గుండీ దగ్గరున్నన్నాళ్ళు ఆ వస్తువు వాళ్ళది. వాడేశాక గుండీ మళ్ళీ డబ్బాలోకి. ఇదీ నా రూలు. ఇచ్చినప్పుడు వీళ్ళ నోట వచ్చే మాటేంటో తెలుసా? 'ఒక్కటేనా?' థాంక్స్ లేదు, తలకాయ లేదు. ఒక్కటేనా!"

గుండీల డబ్బా ఆయన ఒళ్ళోనే ఉంది. పాత బిస్కెట్ల రేకు డబ్బా. మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇంతకీ ఏమేం ఇచ్చారేంటి?"

"మొదట మందులాయనకి ఒక దీపం ఇచ్చాను. తెల్ల చొక్కా గుండీ. నూనె లేకుండా వెలిగే దీపమన్నమాట. చిన్న వస్తువే, కాదనను. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆట మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. మబ్బు పట్టి వీధంతా చీకటి. ఈయన ఆ గుండీని ఇట్లా రుద్దాడో లేదో, షాపు ధగధగా వెలిగిపోయింది!"

"అది నా ఫోన్ లైటండీ," అన్నాడు మందులాయన.

"ఫోన్ లైటు ఎంత దూరం పడుతుందండీ? బల్ల దాకా. మరి వీధి చివర ఇస్త్రీ బండాయన ఆ వెలుగులో చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడే! కోళ్ళు కూశాయి. పేపరాయన తెల్లారిందనుకుని మర్నాటి పేపర్ తెచ్చి గుమ్మంలో వేసిపోయాడు."

"మర్నాటి పేపరా?" అన్నాను.

"మర్నాటిదే! అందులో మా వీధిలో కరెంటు పోయిన వార్త కూడా ఉంది. ఇంక వీడు, మా బావమరిది. 'బావా, నాకేదీ, బావా, నాకేదీ' అని ప్రాణం తీస్తుంటే, నా మనససలే వెన్న కదా, కోటు గుండీ తీశాను, ఇత్తడిది. ఏనుగు బలాన్నిచ్చే నడుంపట్టీ. మర్నాడు ఎత్తు రోడ్డు మీద వీడి బస్సు ఆగిపోయింది. నిండా జనం. వీడు దిగి, మీసం దువ్వి, ఒంటిచేత్తో తోసుకుంటూ డిపో దాకా తీసుకుపోయాడు. లోపల కండక్టరు టికెట్లు కొడుతూనే ఉన్నాడు."

"తోసింది ప్యాసింజర్లు బావా. నేను స్టీరింగ్ దగ్గరే ఉన్నాను," అన్నాడు బావమరిది.

"ఆ బలం వాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా మరి? నీ నడుముకున్న పట్టీ నుంచి! ఆ ఊపులో బస్సు రెండు కార్లని ఓవర్‌టేక్ చేసింది. డిపో వాళ్ళు 'ఇంజనెందుకు దండగ' అని విప్పి పక్కన పెట్టారు."

"విప్పింది రిపేరుకి."

"నువ్వు ఊరుకోరా! అది చూసి మందులాయనకి కడుపు మండింది. పోనీలే పెద్దమనిషి అని ఎంత వేసినా నిండని సంచి ఇచ్చాను. ఈయనేం చేశాడు? షాపులో మందులన్నీ అందులో వేశాడు. బీరువాలు వేశాడు. సరుకు దింపడానికి వ్యాను వస్తే, డ్రైవరు రివర్స్ చేస్తూ చేస్తూ సంచిలోకి వెళ్ళిపోయాడు. వెతకడానికి క్లీనరు దూకాడు. వారం తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు, నున్నగా గడ్డం గీయించుకుని. లోపల సెలూన్ ఉందట!"

మందులాయన టీ పొలమారి దగ్గాడు. మరదలు మాత్రం నవ్వలేదు, అడ్డు చెప్పలేదు. పిన్ని దగ్గర కథ వినే పిల్లలా బుద్ధిగా వింటోంది. అది చూసి టైలరుకి ఇంకా హుషారొచ్చింది.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కథ చివర్లో ఒక డ్రాగన్ ఉంది అన్నా. నిప్పులు కక్కే రెక్కల జంతువు. వీళ్ళ దగ్గర నేనిచ్చిన వస్తువులు చూసి దాని గుండె జారిపోయింది. కథలోంచి లేచి, తిన్నగా వచ్చి, నా షాపు తలుపు తట్టింది."

"నీ షాపుకి తలుపెక్కడిది బావా? షట్టర్ కదా!"

"షట్టరే తట్టిందిరా, సొట్ట ఉంది పోయి చూస్కో! 'అందరికీ ఇచ్చావు, నేనేం పాపం చేశాను' అని ఒకటే ఏడుపు. దాని కన్నీళ్ళు సలసలా కాగుతున్నాయి. మా వీధి వాళ్ళంతా స్నానాలకి బకెట్లు పట్టుకున్నారు. ఊరుకో తల్లీ, కోటు కుట్టిపెడతానన్నాను. కొలతలు తీసుకోవాలిగా? మెడ దగ్గర టేపు పెట్టి నడిచాను. బస్టాండ్ దాటాను, రైల్వే గేటు దాటాను, తోక రాలేదు. దారిలో ఎవరింట్లోనో భోంచేసి, ఒక కునుకు తీసి, మళ్ళీ నడిచాను. సముద్రం వచ్చింది. తోక ఇంకా నీళ్ళలో ఉంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోటు కుట్టాను. మిగిలిన ముక్కలతోనే ఈ ఊళ్ళో ప్రతి కిటికీకి కర్టెన్ వచ్చింది. మరి అంత కోటుకి గుండీలు కావాలా, వద్దా? డబ్బా మొత్తం దానికే కుట్టేశాను. అందుకే అన్నా, ఇన్ని వారాలుగా వీళ్ళకి ఏమీ ఇవ్వలేకపోయింది! పిసినారితనమా ఇది? సరుకు లేదు. కావాలంటే విను."

డబ్బా నా చెవి దగ్గర పెట్టి గట్టిగా ఊపాడు. చిన్న చప్పుడు కూడా రాలేదు.

"విన్నావా? ఖాళీ." టైలరు గొంతు కాస్త తగ్గింది. "వారమంతా జనం కొలతలకి నేను కుట్టాలి అన్నా. పొట్టి అంటారు, వదులు అంటారు, పడతాను. ఆదివారం ఒక్కరోజు ఆ కుర్చీలో నేను చెప్పిందే కొలత. దాన్ని ఎట్లా వదులుకోను?"

నాకు జాలేసింది. తీర్పు ఆయన వైపే చెబుదామనుకున్నాను కూడా. అప్పుడు నోరు విప్పింది మరదలు.

"అయితే బావా, నువ్విచ్చిన వస్తువులు ఆట బయట కూడా పనిచేస్తాయన్నమాట."

"అనుమానమా? బస్సునడుగు, పేపరునడుగు. నా చేతి గుండీ బల్ల మీద ఒకలా, వీధిలో ఒకలా ఉండదు. ఒట్టు!"

"ఎప్పుడిచ్చినవైనా?"

"ఎప్పుడిచ్చినవైనా!"

ఆమె పర్సు తెరిచి చేతిరుమాలు ముడి విప్పింది. అందులో చిన్న నల్ల గుండీ ఉంది, ప్యాంటుకి కుట్టేది, అంచు విరిగింది. "మొదటి ఆటలో కోట తాళాలన్నీ తీసినందుకు నాకిది ఇచ్చావు. ఏమని ఇచ్చావో గుర్తుందా?"

మందులాయన వంగి చూసి, "అరే, ఇది అదే కదూ! దేని మీద పెడితే అది దాని అసలు సైజుకి వచ్చేస్తుంది. ఒక్కసారికే," అన్నాడు.

"ఇన్నాళ్ళూ వాడలేదా నువ్వు?" అన్నాడు బావమరిది.

"ఎప్పుడైనా బాగా పెద్దది ఎదురైతే వాడదామని దాచుకున్నా అన్నయ్యా," అంటూ ఆ గుండీని బెంచీ మీద, టైలరు టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఇదిగో బావా. నీ కథ మీద పెట్టాను."

"అది రాక్షసుల మీదే..." అనబోయి టైలరు టక్కున ఆగాడు.

"పనిచెయ్యదంటావా బావా? అయితే నా బస్సు కథ అబద్ధం," అన్నాడు బావమరిది. "పనిచేస్తుందంటావా? అయితే జరిగిందెంతో అంతే చెప్పు."

టైలరు నా వైపు చూశాడు. నేను గ్లాసులు కడగడంలో పడ్డాను. చివరికి, "మందులాయనకి ఒక దీపం ఇచ్చాను," అన్నాడు. "మరదలికి ఈ గుండీ."

"నాకు?" అన్నాడు బావమరిది.

"నీకు ఇద్దామనే చూస్తున్నాను రా."

"వాడేశాక గుండీ డబ్బాలోకి పోవాలి, నీ రూలే," అంది మరదలు. "మూత తియ్యి బావా."

మూత ఓ పట్టాన రాలేదు. వచ్చాక చూస్తే డబ్బాలో అంచుల దాకా గుండీలు, కదలడానికి సందు లేకుండా కూరి ఉన్నాయి. టైలరు ఆ నల్ల గుండీని వేలితో అదిమి చూశాడు. జారి కిందపడింది. మళ్ళీ అదిమాడు, మళ్ళీ పడింది. ఆ ఒక్క గుండీకి అందులో చోటు లేదు.

మరదలు గుండీ తీసి దుమ్ము ఊదింది. డబ్బా తన ఒళ్ళోకి తీసుకుంది. "పద బావా, టైమవుతోంది. నువ్వూ ఆడాలి. నువ్వు లేకపోతే మాకు ఆటేంటి?" అని ఆ గుండీని ఆయన అరచేతిలో పెట్టింది. "ఇదిగో, నీ మొదటి మంత్రవస్తువు."

టైలరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఒక్కటేనా?" అన్నాడు.