బండి నడిపినవాడి పేరు

ఏలూరు, మెజిస్ట్రేటు గారి ఎదుట. 2025 జూన్ 9, సోమవారం, ఉదయం 11.20 గంటలకు అడగగా స్వయంగా చెప్పినది.

నా పేరు నేతల సుకుమార్. తండ్రి లేటు చిట్టిబాబు. వయస్సు ముప్పై ఒకటి. ఉంగుటూరు దగ్గర మా ఊళ్ళో మా అమ్మ మార్తమ్మతో ఉంటాను. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూలుకు బస్సు నడుపుతాను. నేను మందు తాగను. అడగకుండానే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నెల రోజులుగా నేను నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్ళు ముందు వాసన చూస్తున్నారు.

ఈస్టరు తర్వాత వచ్చిన ఆదివారం, ఏప్రిల్ 27 సాయంత్రం, దెందులూరు దగ్గర హైవే మీద నేను తాగి మోటారు సైకిలు నడిపానని, హెల్మెట్ లేదని, వెనక కూర్చున్న మా అమ్మకూ లేదని నా పేరు మీద మూడు చలానాలు రాశారు. హెల్మెట్ల జరిమానా ఎంతైనా కడతాను. తాగి నడిపిన కేసు మాత్రం నాది కాదు. అది నా మీద నిలబడితే నా లైసెన్సు సస్పెండ్ చేస్తారు. స్కూళ్ళు ఈ గురువారం తెరుస్తారు. ఆ కేసు తేలకుండా బస్సు తాళం ఇవ్వనని మా కరస్పాండెంటు గారు మొహం మీదే చెప్పారు. తాగిన కేసున్నవాడి బస్సులో ఏ తల్లి పిల్లల్ని ఎక్కిస్తుందండీ? నేనైనా ఎక్కించను.

ఆ రోజు నాకు జ్వరం. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. దెందులూరులో మా బంధువుల ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటే, నేను లేవలేక నా బండి మా అన్న ఎలీషాకు ఇచ్చి అమ్మను తీసుకెళ్ళమన్నాను. ఎలీషా మా పెదనాన్న గారి కొడుకు. కొల్లేరు పక్క చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే మా అమ్మే అన్నం పెట్టి పెంచింది. అన్నదీ నాదీ ఒకటే పోలిక, ఒకటే ముక్కు.

తిరిగి వస్తుంటే పోలీసులు ఆపారు. ఇక్కడి నుంచి జరిగింది అమ్మ చెప్పగా నాకు తెలుసు. అన్న గొట్టంలో ఊదితే మిషను కూసింది. ఆ తర్వాత ఎన్ని అడిగినా నోరు మెదపలేదు. లైసెన్సు లేదు, ఫోను చార్జింగు లేదు. కానిస్టేబుల్ గారు బండి నంబరు కొట్టి చూస్తే నా పేరు, నా లైసెన్సు వివరాలు వచ్చాయి. ఆయన అమ్మను అడిగారు.

“ఈయన పేరేంటమ్మా?”

అమ్మ చెప్పలేదు.

“మీ అబ్బాయేనా?”

“మా అబ్బాయేనండీ.”

ఆ మాటలో అబద్ధం లేదు. అదే నా పీకల మీదకు వచ్చింది. తల్లి పూచీ మీద వదులుతున్నామని కాగితం రాసి ఇస్తే, కళ్ళజోడు లేక చదవకుండానే అమ్మ సంతకం పెట్టింది. అన్న ఏవో పిచ్చిగీతలు గీశాడు. వాళ్ళు ఆటోలో ఇల్లు చేరారు. పోలీసులు ఉంచేసుకున్న బండి రెండు రోజులు రాలేదు. అన్న పంక్చరన్నాడు. అమ్మ కూడా పంక్చరే అంది. నేను నమ్మాను.

నా ఫోనుకు మెసేజీ వచ్చాక మొదటిసారి స్టేషనుకు వెళ్ళాను. నేను కాదండీ, ఆ పూట మంచం మీద ఉన్నానండీ అన్నాను. అక్కడ కేసులు రాసే రైటరు గారు నవ్వారు. “నిన్ను గుర్తుపట్టింది మీ అమ్మేనయ్యా. కన్నతల్లిని మించిన సాక్షి మాకెక్కడ దొరుకుద్ది?” అన్నారు. రవాణా ఆఫీసుకు వెళితే అది పోలీసుల పని అన్నారు. మళ్ళీ స్టేషనుకు వెళ్ళాను. ఈసారి అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను.

“బండి నడిపింది ఎవరమ్మా?”

“మా బావగారి అబ్బాయండీ.”

“పేరు?”

“మా మామగారి పేరేనండీ.”

“ఆ మామగారి పేరేంటి తల్లీ?”

“ఎలా చెబుతానండీ? మామగారు కదండీ!”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎలీషా అండీ, ఎలీషా, అని నేనే అరిచాను. రైటరు గారు నా వైపు చూడనైనా లేదు. “ముద్దాయివి, నువ్వు చెబితే ఎలా? అక్కడున్నది ఆవిడ. ఆవిడ చెప్పాలి” అన్నారు. పోనీ రాసివ్వమ్మా అన్నారు. రాసినా పలికినట్టేనండీ అంది. “పేరు లేనివాడి మీదకు కేసు మార్చమంటారా?” అని ఆయన లేచి టీ తాగడానికి వెళ్ళిపోయారు.

అయ్యా, ఇది నాటకం కాదు. మా అమ్మ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి మా తాతయ్య పేరు పలకలేదు. ఆయన పోయినా పలకలేదు. ఆ పేరే అన్నకు పెడితే వాణ్ణి ‘పెద్దోడా’ అనే పిలిచింది. స్త్రీల సమాజంలో బైబిలు చదివేటప్పుడు కూడా ఆ ప్రవక్త పేరు వచ్చినచోట ‘ఏలీయా గారి శిష్యుడు’ అని చదువుతుంది. పాస్టరమ్మ గారు ఎన్నోసార్లు నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అన్న దగ్గరకు చెరువు మీదకు వెళ్ళాను. గట్టు మీద కూర్చుని, చేపల కోసం నీళ్ళలో వేలాడదీసే మేత బస్తాలకు కన్నాలు పొడుస్తున్నాడు. “తమ్ముడూ, నాకు కువైట్ వీసా వచ్చే టైమురా. కేసుంటే పంపరు. జరిమానా మొత్తం నేనే కడతాను, ఒప్పేసుకో” అన్నాడు. జరిమానా నువ్వు కడతావు, నా స్టీరింగు ఎవరు పడతారురా అని అడిగాను. వాడు ఇంకో బస్తా దగ్గరకు లాక్కున్నాడు. నాకు అన్న మీద కోపం ఉంది. వాడు జైలుకు పోవాలని మాత్రం లేదు. రెండూ నిజమే.

ఇంటికొచ్చి అమ్మ మీద గయ్యిమన్నాను. నీ కొడుకు కావాలా, చచ్చిపోయిన మామగారు కావాలా అన్నాను. ఆ మాట అనకూడదు. అన్నాను. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. నిన్న ఆదివారం ప్రార్థన ముగిసి గుడి నుంచి వచ్చాక తనంతట తనే అంది. “చెబుతాన్రా. జడ్జిగారి దగ్గర చెబుతాను. కానీ వాణ్ణి కూడా రమ్మను. వాడు లేనప్పుడు వాడి పేరెత్తితే చాడీ అవుద్ది. వాడి మొహం చూసి చెబుతాను.”

అన్నకు ఫోను చేశాను. విని పెట్టేశాడు. రాడనుకున్నాను. పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. ఇప్పుడు బయట బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇందాక నేను లోపలికి వస్తుంటే అమ్మ వాడి చొక్కా కాలరు సరిచేస్తోంది.

దయచేసి ఇద్దరినీ కలిపి పిలిపించండి. ఒక్కర్నే పిలిస్తే అమ్మ చెప్పదు. ఆమె చెబుతున్నప్పుడు నన్ను బయటకు పంపితే మంచిది. ఆ పేరు పలికిస్తున్నది నేనే. పలికేటప్పుడు ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేదు.

ఇందులో నాకు తెలిసింది నాకు తెలిసినట్టు, అమ్మ చెప్పింది అమ్మ చెప్పినట్టు చెప్పాను. కల్పించింది లేదు. చదివి వినిపించగా విని, సరిగానే ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
నేతల సుకుమార్