ఒక్క పిసరు తేమ

సర్కారు మద్దతు ధరకి ధాన్యం కొనే కేంద్రంలో తేమ చూసే ఉద్యోగి, సాయంత్రం తాళం వేసి తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. వాకిట్లో బావ ఖాళీ బండి కడుగుతున్నాడు.

"ధాన్యం ఏం చేశావు బావా?"

"పొద్దున నువ్వు పచ్చిగా ఉందని తిప్పి పంపావుగా. దారిలోనే షావుకారుకి అమ్మేశాను."

"ఆరబెట్టి తెమ్మన్నాను కదా!"

"మబ్బు పట్టింది. తడిస్తే అదీ దక్కదని సగం ధరకే ఇచ్చేశాను."

"మధ్యాహ్నం షావుకారు బస్తాలు తెచ్చాడు. సర్కారు ధరకి తీసుకున్నాను."

"వాడివి బాగా ఆరాయేమోలే."

"నీవే బావా. మూతులకి అక్క కట్టిన పచ్చ పేలికలే ఉన్నాయి. చూడగానే పోల్చుకున్నాను."

బావ చేతిలో చెంబు ఆగింది. "మరి తేమ?"

"పొద్దున ఎంతో అప్పుడూ అంతే. హద్దుకి ఒక్క పిసరు ఎక్కువైతే ఎవరికైనా చూసీచూడనట్టు వదిలేస్తాను. నీకు వదిలితే సొంతవాళ్ళకి చేశాడంటారని భయపడ్డాను."

"షావుకారుతో ఏమీ అనలేదా?"

"ఏమని అనను?"

బావ చెంబు కింద పెట్టాడు.

"మీ అక్క పొద్దుట్నుంచీ వీధి వీధంతా చెబుతోంది, మా తమ్ముడు సొంత బావనైనా వదల్లేదు, అంత నికార్సైనవాడని. లోపలికెళ్ళు. ఈ ముక్క దానికి నువ్వే చెప్పు."

అతను గడప దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు.