రెండో గుంటకి కట్టిన ఎర్ర గుడ్డ

“అమ్మమ్మా, తాబేలు గూళ్ళకి కాపలా ఉంటే మీ ఊళ్ళో డబ్బులిచ్చేవాళ్ళంట కదా? మొన్న మా ఎకనామిక్స్ క్లాసులో అట్టాంటి పథకాల గురించే చెప్పారు. ఫోన్ ఆన్ చేశా, చెప్పు.”

ఇచ్చేవాళ్ళేంటే దుర్గా, ఇప్పటికీ ఇస్తున్నారు. మీ మావయ్య పొద్దున్నే ఒడ్డుకి పోయేది దానికేగా. ఆ ఫోను కాస్త అవతల పెట్టు తల్లీ, మూతి దగ్గర పెడితే నాకు మాట రాదు. ఆఁ, అట్టా. మన పాలెం పేరు చెప్పారా క్లాసులో? చెప్పరులే. చెప్తే మీ అమ్మమ్మ చేసిన దొంగపని కూడా చెప్పాల్సొస్తుంది.

నవ్వకు. నిజంగానే దొంగపని.

కృష్ణ సముద్రంలో కలిసేకాడ మన పాలెం, నువ్వు చూస్తున్నావుగా. మాఘమాసం వచ్చిందంటే తాబేళ్ళు ఒడ్డెక్కి ఇసక తవ్వి గుడ్లు పెట్టి పోతాయి. నా చిన్నప్పుడు మా అమ్మ వాటిని బుట్టకెత్తి సంతకి పంపేది. రూపాయికి పది... కాదు కాదు, డజను. పది చేసింది నా పెళ్ళి తర్వాత. మేం ఎత్తగా మిగిలినవి నక్కలూ కుక్కలూ తినేవి. అది తప్పని మాకెవరు చెప్పారు?

నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, బెజవాడ నుంచి ఒక మేడం వచ్చింది. ఏదో సంస్థ తరఫున. సన్నగా, కళ్ళజోడు, ఎండకి మొహమంతా కందిపోయి ఉండేది పాపం. పాలెం ఆడవాళ్ళ పేర్న బ్యాంకులో డబ్బు వేస్తామంది. అసలు సొమ్ము ముట్టుకోకూడదు, ఏటేటా వచ్చే వడ్డీ మాత్రం కాపలా ఉన్నవాళ్ళకి. గూడు కనపడితే కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టాలి, చుట్టూ ముళ్ళకంప వెయ్యాలి, పిల్లలయ్యేదాకా చూసుకోవాలి. గుడ్డకి వెయ్యి రూపాయలు. ఎవరన్నా మోసం చేశారని తెలిస్తే మాత్రం ఆ డబ్బు మొత్తం వెనక్కి పోద్దని కూడా చెప్పింది. నాకు బాగా గుర్తు, ముందు వరసలోనే కూర్చున్నా.

సరిగ్గా ఆ ఏడే మీ తాత పడవ ఇంజను పాడయ్యింది. సామాను కోసం బెజవాడ గవర్నర్‌పేటలో కొట్టు కొట్టూ తిరిగి, రేటు విని, హోటల్లో కాఫీ కూడా తాగకుండా బస్సెక్కి వచ్చాడు మనిషి. ఆయన ఆ అరుగు మీద తల పట్టుకు కూర్చుంటే నాకు తిండి సయించేది కాదు.

అప్పుడు, ఓ రోజు తెల్లారగట్ల, నాకో గూడు కనపడింది. తాబేలు అప్పుడే పెట్టి పోయినట్టుంది, ఇసక ఇంకా తడిగా ఉంది. తవ్వి లెక్కపెడితే నూట పద్దెనిమిది. గుడ్డు గూటికి ఒకటేగా అనుకున్నా... ఛ, గూటికి గుడ్డ ఒకటేగా అనుకున్నా. సగం తీసి పక్కన ఇంకో గుంటలో పెడితే? రెండు గుడ్డలు. రెండు వేలు. ఎవరు చూడొచ్చారు?

అంతే. సగం ఒళ్ళో వేసుకున్నా. మన పెట్ట కింద గుడ్లు పొదగేస్తామే, అట్టాగే చేశాను మహాతల్లిని. ఒక్కొక్కటీ జిగురు పోయేదాకా కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి, చక్కగా సర్ది ఇసక కప్పాను. రెండు కర్రలు, రెండు గుడ్డలు. మేడం వచ్చి చూసి రెండు వేలూ నా చేతిలో పెట్టింది. “బాగా కష్టపడుతున్నారమ్మా” అంది కూడాను.

పది రోజులకి మీటింగు పెట్టింది. అందులో ఏమందనుకున్నావు? తాబేలు గుడ్డు కోడిగుడ్డు లాంటిది కాదమ్మా, దాన్ని కదిలించినా తిప్పినా లోపల పిల్ల చచ్చిపోద్ది, అందుకే ఎక్కడ పెట్టింది అక్కడే ఉంచమంటున్నాం అంది. లెక్కేసుకో దుర్గా. యాభై తొమ్మిది ప్రాణాలు. కొంగుతో తుడిచి మరీ చంపానా? అది ఒక భయం. పాలెం మొత్తం డబ్బు నా మూలంగా పోద్దేమోనని ఇంకో భయం. మా తోడికోడలు ఆ డబ్బుతోనే కూతురి ఫీజు కడదామనుకుంటోంది.

మీ తాతకి చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నా ఇంజను వంక పెట్టుకుని చేశావా?” అన్నాడు, అంతే. ఆ పూట అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు మేడం రేవులో పడవ కోసం నుంచుంటే వెళ్ళి చెప్పేశాను. ఏడ్చుకుంటూనే. పడవ వచ్చినా ఆమె ఎక్కలేదు. తర్వాత, “ఇంకో రెండు గూళ్ళ మీద కూడా నాకు అనుమానం ఉందమ్మా, వాటి దగ్గర తాబేలు నడిచిన అచ్చే లేదు. మిమ్మల్ని అని ఏం లాభం? గుడ్డకి డబ్బిస్తామంటే గుడ్డలే పెరుగుతాయి. ఆ లెక్క రాసింది నేనే” అంది. డబ్బు ఉంటుందా పోతుందా అనేది మాత్రం తన చేతుల్లో లేదంది. పైవాళ్ళు పిల్లల్ని చూసి తేలుస్తారంట.

ఇంక చూసుకో నా పాట్లు. రోజూ ఆ గుంట దగ్గరే. గుణదల చర్చిలో మాతకి కూడా మొక్కుకున్నా. మనం హిందువులమైతే ఏం, తల్లి తల్లేగా! ఓ రోజు మొదటి గుంటలో పిల్లలొచ్చాయి, బిలబిలా సముద్రంలోకి పోయాయి. రెండో గుంట కదల్లేదు. ఆ రోజు లేదు. మర్నాడూ లేదు. మేడం చూసి మొహం తిప్పుకుంది.

మూడోనాడు తెలతెలవారుతుంటే ఇసక కాస్త కుంగింది. ఎండ్రకాయేమో అనుకున్నా. నా బొటనవేలి గోరంత ముట్టె బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంక లెక్క తప్పిపోయిందే! మీ తాత లెక్కపెట్టాడు, నలభై ఒకటి. నేను ఇసకలో కూలబడి వలవలా ఏడ్చాను. మిగతావి రాలేదు, వాటి పాపం నాదే. పెట్టిన కాసేపటికే మార్చాను కాబట్టి ఇవైనా బతికాయని మేడం చెప్పింది. నేను తవ్విన గుంట లోతెక్కువై వేడి చాలక ఆలస్యమైందంట. నాకెట్టా తెలుసు?

డబ్బు పోలేదులే. పద్ధతే మార్చారు. ఇప్పుడు గుడ్డకి కాదు, నీళ్ళలోకి పోయిన పిల్లకి ఇంత అని. అందులో సగం పాలెం అందరికీ. ఒకడు కక్కుర్తి పడితే పక్కవాడు ఊరుకోడు ఇంక. రెండో గుడ్డకి తీసుకున్న వెయ్యి నేను తిరిగి కట్టేశా. ఆ సాయంత్రం మీ తాత అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. నాకు ఊపిరాడింది చూడూ, అప్పుడు.

నువ్వు పెద్ద చదువు చదువుతున్నావు. రేపెప్పుడో ఎక్కడో కూర్చుని ఇట్టాంటి లెక్కలు రాస్తావు. రాసేటప్పుడు మంచోళ్ళని తలుచుకుని రాయకే. నన్ను తలుచుకుని రాయి. మొగుడి ఇంజను పాడై, బుర్ర మాత్రం బాగా పనిచేసే మీ అమ్మమ్మని. అప్పుడు తప్పు పోదు నీ లెక్క.

చల్లగా ఉండు తల్లీ, నూరేళ్ళు. ఇంక ఆపెయ్ ఆ ఫోను. మీ మావయ్య వచ్చే వేళయింది, ఇవాళ నీళ్ళలోకి ఎన్ని పోయాయో కనుక్కోవాలి...