నీలం డ్రమ్ము

చోడవరంలో కుళాయి రాలేదు. రేర్ ఎర్త్ ఫ్యాక్టరీ నుంచి భర్త తెచ్చిన ఖాళీ నీలం డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లతోనే ఆమె పాపకు స్నానం చేయించింది. అతను డ్యూటీ నుంచి వచ్చాడు.

“బావా, మన గుంటకి ఒళ్లంతా కందిపోయింది. ఆ డ్రమ్ములో ముందు ఏటుండేది?”

“యాసిడ్. దాంతో సముద్రం ఇసక కరిగించి, మేగ్నెట్లకి సరుకు తీస్తారు. సబ్బెట్టి కడిగేను కదే! ఈదిలో అందరూ ఇలాంటి డ్రమ్ములే వాడతన్నారు.”

“ప్లాంటులో ఆ యాసిడ్ని ఉత్తి చేతుల్తో ముట్టుకుంటావా?”

“అమ్మో! గ్లౌజుల్లేపోతే సూపర్‌వైజర్ గేటు బయటికి తోసేస్తాడు.”

“మన గుంట అందులో నీళ్లు దోసిలెట్టి తాగింది, బావా.”

అతను చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

“గుంటని ఎత్తుకో, ఆస్పత్రికెళ్దాం. ముందు ఆ నీళ్లు పారబోసెయ్.”

“ఎక్కడ పొయ్యమంటావు? ఎనకాల చెరుకుంది, ఇటేపు కాలవుంది. దిగువ ఆ నీళ్లు తాగేవోళ్లకీ గుంటలున్నారు.”