రెండో ప్రకటన

డెబ్బై నాలుగులో ఒక ఆదివారం, పటమట దగ్గర చర్చిలో మూడు ఆదివారాలు చదివే పెళ్ళి ప్రకటనల్లో రెండోది చదివారు. పూజ అయ్యాక పెళ్ళికొడుకు ఫాదర్‌గారి గదికి వచ్చాడు.

“ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలని ఇందాక చదివారు కదండీ. నాకుందండీ.”

“నీ పెళ్ళికి నీకే అభ్యంతరమా? మైలవరం పిల్ల నచ్చలేదా?”

“మార్త మంచిదండీ. ఆమెకి మొగుడిగా నన్ను నేను ఊహించుకోలేకపోతున్నాను.”

“ఇంకో అమ్మాయి ఉందా?”

“ఏ అమ్మాయీ లేదండీ.”

“మరి జబ్బా?”

“కాదండీ. చర్చిలో మగవాళ్ళ వైపు కూర్చుంటే ఎవరి చోట్లోనో కూర్చున్నట్టుంటుంది. ఆడవాళ్ళ వైపు చూస్తే అదీ నాది కాదనిపిస్తుంది.”

“దాన్నేమంటారు?”

“మీరు చదువుకున్నవారు, మీకు తెలుస్తుందని వచ్చాను.”

“నాకూ తెలియదు నాయనా. పేరులేని కారణం రిజిస్టర్లో ఎలా రాయను?”

“మరి ఏమని రాస్తారండీ?”

“అభ్యంతరాలేవీ రాలేదని. వచ్చే ఆదివారం ఆఖరి ప్రకటన. మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చో.”